బాలభటులు: ఎవరి భటులు?

మా కాలేజీలో ఏటా ఫిబ్రవరి 22న బాలభటోద్యమ స్థాపకుని జయంతి జరిపే ఆనవాయితీ ఒకటి ఉన్నది. ఈసారి ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నామనీ, ఉద్యమం తొలిరోజులను గురించి నాలుగు పేజీలు రాసి ఇమ్మనీ నిర్వాహకులు నన్ను అడిగారు. తెలుగు మాస్టారికి ఈ పని అప్పగించడంలో వారి ఆశ ఏమిటో తెలియనిది కాదు. నాలుగు తియ్యని మాటలు, సేవాధర్మం మీద ఒక పద్యం, చివర ఒక మంగళాశాసనం. నేను రాసి ఇచ్చాను. వారం తిరక్కుండా వ్యాసం వెనక్కి వచ్చింది. మాఫెకింగ్ ముట్టడి గురించిన రెండు పేరాలూ, భారతీయ బాలుర ప్రవేశం గురించిన ఒక పేరా తీసివేస్తే అచ్చుకు అభ్యంతరం లేదట. పిల్లలు చదివే సంచికలో ఈ వివాదాలు దేనికని ప్రశ్న.

తీసివేయనన్నాను. ఆ సంగతి మన సంఘంలోని మిత్రునితో చెప్పుకుంటే ఆయన ఓదార్చలేదు సరిగదా, ఎదురు చీవాట్లు పెట్టాడు. "సామ్రాజ్యవాదం కుట్టించిన కాకీ నిక్కరు అది. దానికి నాలుగు పేజీలు ఎందుకయ్యా? ఒక్క వాక్యం చాలు" అన్నాడు.

ఈ వ్యాసం వారికీ, ఈయనకూ కలిపి ఇస్తున్న సమాధానం. వారు మూడు పేరాలు కొట్టివేయమన్నారు, ఈయన మొత్తం కొట్టివేయమన్నాడు. ఇద్దరికీ చరిత్ర అక్కరలేదు. నాకు అక్కర ఉన్నది. ఎందుకంటే పదమూడేళ్ల వయసులో నేనూ ఆ రుమాలు మెడకు కట్టుకున్నవాణ్ణే.

ముందు మాట సంగతి చూద్దాం. స్కౌటు అంటే సేనకు ముందు నడిచి, శత్రువు జాడ తీసి, వచ్చి చెప్పేవాడు. మన పాత మాటల్లో వేగులవాడు, చారుడు. హిందీవారు బాలచర్ అన్నారు. తెలుగులో మాత్రం బాలభటుడన్న మాట వాడుకలోకి వచ్చింది. వేగులవాడికి కనీసం తన కళ్లతో తాను చూసే పని ఒకటి ఉంటుంది. భటుడికి అదీ లేదు, ఆజ్ఞ ఒక్కటే. ఎవరు చేసిన అనువాదమో గాని మూలం దాచిపెట్టిన దానిని బయటపెట్టింది. ఇది నా వృత్తిగత చాపల్యమని పాఠకులు క్షమించగలరు.

ఇక 1907వ సంవత్సరం. ఉద్యమానికి పుట్టినరోజుగా లెక్కపెట్టేది ఆ ఏడాది ఆగస్టునే. ఇంగ్లండు దక్షిణతీరంలో పూల్ రేవులో బ్రౌన్‌సీ అనే చిన్న ద్వీపం. ఒక ధనికుని సొంత ఆస్తి. అక్కడ ఇరవై మందికి పైచిలుకు కుర్రాళ్లను చేర్చి లెఫ్టినెంట్ జనరల్ బేడెన్ పొవెల్ వారంరోజుల మకాం నడిపాడు. సగంమంది ఈటన్, హారో వంటి పెద్దింటి బడుల పిల్లలు. మిగతావాళ్లు ఆ చుట్టుపట్ల బాయ్స్ బ్రిగేడు అనే సంస్థలోని సామాన్యుల పిల్లలు. పెద్దింటివాడికి రుసుము ఒక పౌను, సామాన్యుడికి మూడున్నర షిల్లింగులు. తోడేళ్లు, ఎద్దులు, కాకులు, ఉల్లంకులు అని నాలుగు దళాలు చేసి, ప్రతి దళంలోనూ ఇద్దరినీ కలిపి కూర్చారు. ఆనాటి ఇంగ్లండులో ఇది చిన్న విషయమేమీ కాదు. ముడులు వేయడం నేర్చినవాడికి ఇత్తడి చిహ్నం ఇచ్చారు. కుర్రాళ్లను ఉదయం లేపడానికి కూడూ అనే ఆఫ్రికా జింక కొమ్ము ఊదారు. ఆ కొమ్ము 1896లో మటబెలెల తిరుగుబాటును అణచిన దండయాత్రలో ఆ సేనాని చేజిక్కించుకున్నది. అదే దండయాత్రలో ఉవినీ అనే నాయకుడు పట్టుబడితే సైనిక విచారణ జరిపించి కాల్పించినందుకు ఈయనపై విచారణ పెట్టారు, తప్పులేదని తేల్చారు. కొమ్ము కథ పిల్లలకు చెబుతారు, ఉవినీ కథ చెప్పరు.

సరిగ్గా ఆ 1907లోనే మన గోదావరి తీరంలో ఏం జరిగింది? ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చాడు. విద్యార్థులు వందేమాతరం చిహ్నాలు చొక్కాలకు తగిలించుకొని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వారిమీద వేటు వేశాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు అక్కడ ఆగింది, ప్రభుత్వోద్యోగం తలుపులు మూసుకున్నాయి. మే నెలాఖరున కాకినాడలో వందేమాతరం అన్న పాపానికి ఒక విద్యార్థిని కెంప్ అనే దొర, జిల్లా వైద్యాధికారి, స్పృహ తప్పేలా కొట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి అదే సామ్రాజ్యపు రాజధానీ దేశంలో మరో కుర్రాడి చొక్కాకు ఇత్తడి చిహ్నం తగిలించి వీపు తట్టారు. ఒకే ఏడాది, ఒకే పతాకం కింద, ఒక చిహ్నానికి మెప్పు, మరొక చిహ్నానికి దెబ్బ. వివాదాలు వద్దన్న మా నిర్వాహకులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడగలరా?

ఇప్పుడు వారు తీసివేయమన్న మాఫెకింగ్‌కు వస్తాను.

దక్షిణాఫ్రికాలో బోయర్లకూ బ్రిటిషువారికీ జరిగిన యుద్ధంలో, 1899 అక్టోబరు నుంచి 1900 మే 17 వరకు, 217 రోజులు ఆ చిన్నఊరు ముట్టడిలో ఉన్నది. బేడెన్ పొవెల్ రక్షణాధిపతి. ఊళ్లో మగవాళ్లు చాలక తెల్లకుర్రాళ్లను క్యాడెట్లుగా చేర్చారు. వార్తలు మోయడం, కాపలా కాయడం వాళ్ల పని. మొదట గాడిదలెక్కి, తర్వాత సైకిళ్లమీద తిరిగారు. వాళ్ల నాయకుడు వార్నర్ గుడ్‌ఇయర్‌కు పదమూడేళ్లు. క్యాడెట్లను కూర్చినది సహాయాధికారి ఎడ్వర్డ్ సెసిల్ అయినా, కథ మాత్రం సేనాని పేరుమీద నిలిచింది. ఎనిమిదేళ్ల తర్వాత వెలువడ్డ బాలభట గ్రంథంలో మొదటి కథల్లో అదొకటి. గుళ్లవానలో సైకిలు తొక్కే పిల్లవాడి బొమ్మ ప్రపంచమంతా తిరిగింది.

ఆ ఊళ్లో తెల్లవారు రెండు వేలకు లోపు. ఆఫ్రికన్లు ఏడు వేలకు పైన. వాళ్లలో ముఖ్యులు బరొలాంగ్ జాతివారు. ఆ నేల వాళ్లది. వాళ్లు కందకాలు తవ్వారు, శత్రుపంక్తుల మధ్యగా వార్తలు మోశారు, పశువులు తోలుకువచ్చారు. స్కౌటు అన్నమాటకు నిజమైన అర్థంలో ఆ ఊళ్లో స్కౌట్లు వాళ్లే. 1900 మే 12న ఎలాఫ్ అనే బోయరు నాయకుడు ఊరిలోకి చొచ్చుకువస్తే, వెనక దారి మూసి ఆ బలగాన్ని ఉచ్చులో బిగించడంలో బరొలాంగుల తుపాకులు పనిచేశాయి. అయినా తిండిగింజలు తగ్గినప్పుడు ముందుగా ఎవరి డొక్క ఎండింది? నల్లవారిది. గుర్రపు మాంసంతో గంజి కాచి వారికి అమ్మారు. కొందరిని ఊరు వదిలి పొమ్మన్నారు. ఆకలితో చచ్చినవారు ఉన్నారు.

ఇక్కడ నిజాయితీగా ఒకమాట చెప్పాలి. 1979లో టామస్ పాకెన్‌హామ్ తన యుద్ధచరిత్రలో, తెల్లవారిని నిలబెట్టడానికి నల్లవారిని తెలిసి తెలిసి మాడ్చారని నేరం మోపాడు. 1989లో టిమ్ జీల్ రాసిన జీవితచరిత్ర ఆ లెక్కలు తప్పని, సేనాని చేతనైనంత చేశాడని వాదించింది. ఎవరి లెక్క ఎంత నిజమో పండితులు తేల్చుకోనీ. నల్లవారు ఆకలితో మాడారన్న సంగతి మాత్రం ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నది. నా రెండు పేరాల్లో నేను రాసింది అంతే. సేనానిని నేను హంతకుడనలేదు. అనకపోయినా పేరాలు పనికిరాలేదు.

ఆ ముట్టడిలో ఇరవైమూడేళ్ల న్యాయస్థానపు దుబాసీ ఒకడు దినచర్య రాసుకున్నాడు. పేరు సోల్ ప్లాట్జే. తన నల్లజనుల ఆకలిని తన కళ్లతో చూసి రాసిన పుస్తకం. అది 1973 దాకా వెలుగు చూడలేదు. ఆయనే తర్వాత, 1912లో, దక్షిణాఫ్రికా నల్లజాతీయుల కాంగ్రెసుకు తొలి కార్యదర్శి అయ్యాడు, షేక్‌స్పియరును సెట్స్వానా భాషలోకి దించాడు, నవల రాశాడు. సాహిత్య విద్యార్థులకు ఇంతకంటే మంచి వీరుడు దొరుకుతాడా? ఒకే ముట్టడి నుంచి రెండు పుస్తకాలు పుట్టాయి. ఒకటి 1908 జనవరి నుంచి నాలుగేసి పెన్నీలకు ఆరు భాగాలుగా దుకాణాలకెక్కి దేశదేశాలు చుట్టింది. రెండవది అచ్చుకెక్కడానికి డెబ్బైమూడేళ్లు పట్టింది. ఈ తేడాకు కారణం రచనాశక్తి అని ఎవరైనా అంటే నేను నవ్వి ఊరుకుంటాను.

మొదటి పుస్తకాన్ని సాహిత్యంగానే చదువుదాం. దాని వెనక ఉన్న భయం ఏమిటో ఆ రోజుల లెక్కలు చెబుతాయి. 1899లో మాంచెస్టరులో సైన్యంలో చేరడానికి వచ్చిన 11 వేలమందిలో 8 వేలమంది శరీరదార్ఢ్యం లేక పనికిరారని తిప్పిపంపారు. మిల్లుల పొగలో పెరిగిన కూలిజనం డొక్కలు అవి. దీనిమీద 1904లో ప్రభుత్వసంఘం నివేదిక ఇచ్చింది. 1906 ఎన్నికల్లో లేబరు పక్షం 29 స్థానాలు గెలిచింది. పాలకవర్గానికి ఒకపక్క కూలివాడి బలహీనత భయం, మరోపక్క కూలివాడి బలం భయం. ఈ రెండు భయాలకూ ఒకే మందు కావాలి. దేహం గట్టిపడాలి, మనసు మెత్తబడాలి. తొలికూర్పులోని నియమాలలో రాజుకు, అధికారులకు, దేశానికి, వాళ్లతోపాటు యజమానులకు కూడా విధేయత చెప్పాలన్నది అందుకే. సామ్రాజ్యాన్ని గోడగా, మనుషుల్ని ఇటుకలుగా పోల్చి, ఏ ఇటుక తన చోటు మీద సణగరాదని బోధించింది అందుకే. 1986లో మైకేల్ రోజెంతాల్ ఈ ఉద్యమాన్ని శీలపు కర్మాగారమన్నాడు. ఆ పేరు బాగా అతికింది.

ఇక కిమ్ ఆట. 1901లో వెలువడ్డ కిప్లింగు నవలలో లాహోరు వీధుల్లో పెరిగిన ఐరిష్ అనాథ కిమ్. సిమ్లాలో లుర్గాన్ దుకాణంలో రత్నాలు చూపించి, మూసి, జ్ఞాపకం పెట్టుకొని చెప్పమనే ఆటతో వాడికి గూఢచర్యం నేర్పుతారు. ఆ ఆటనే ఈ పుస్తకం పిల్లలకిచ్చింది. మా బళ్లోనూ ఆడించారు. పళ్లెంలో సుద్దముక్క, చింతగింజ, పిన్నీసు, గాజుముక్క, తాళంచెవి పెట్టి గుడ్డ కప్పేవారు. నేను పద్దెనిమిది వస్తువులు చెప్పి గెలిచాను. ఆ కిమ్ ఎవరో, ఎవరి తరఫున ఎవరిమీద వేగు తీశాడో ఎవరూ చెప్పలేదు. కాలేజీలో నవల చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వేగు మనమీదే తీశాడుగదా!

ఇంతవరకు మిత్రుడు తల ఊపుతూ చదివి ఉంటాడు. ఇకనుంచి ఆయన వంతు.

ఒక వాక్యం చాలునన్నావు. అయితే ఆ వాక్యంలో ఈ కిందివాళ్లను ఎక్కడ ఇరికిస్తావు? నాలుగు పెన్నీల పుస్తకం కొనుక్కొని, పెద్దల అనుమతి లేకుండా, సంఘమేదీ ఏర్పడకముందే తమంతట తాము దళాలు కట్టుకున్న కుర్రాళ్లున్నారు. 1910 నాటికి బ్రిటనులో వాళ్ల సంఖ్య లక్ష దాటింది. లక్షమంది పిల్లలు సామ్రాజ్యం మీద మోజుతో అడవుల్లో పడ్డారా? వాళ్లకు కావలసింది పొగలేని గాలి, నిప్పు, గుడారం, తోటివాడి భుజం. 1909 సెప్టెంబరులో లండనులో క్రిస్టల్ పాలెస్ దగ్గర పదకొండు వేలమంది బాలురు చేరితే, పిలవని పేరంటానికి బాలికలు కూడా టోపీలు పెట్టుకొని హాజరయ్యారు. సేనాని వాళ్లను పిలవలేదు. పంపివేయలేక వేరే సంస్థ పెట్టించాడు.

ఫ్రాన్సిస్ వేన్ సంగతి ఏమంటావు? బోయరు యుద్ధంలో తన సేనలు చేసిన అత్యాచారాలను విమర్శించి ఉద్యోగం పోగొట్టుకున్న సైనికుడు. లండను స్కౌట్లకు కమిషనరుగా ఉంటూ, ఈ ఉద్యమం మీద సైనికుల పెత్తనం తగదన్నాడు. 1909లో ఆయన్ను తొలగించారు. బయటికి వచ్చి శాంతిస్కౌట్లవైపు నడిచాడు. 1916లో డబ్లిన్ తిరుగుబాటు వేళ షీహీ స్కెఫింగ్టన్ అనే శాంతివాదిని విచారణ లేకుండా కాల్చిన అధికారి నేరాన్ని బయటపెట్టిన సైనికాధికారి కూడా ఈయనే. అమెరికాలో ఎర్నెస్ట్ సెటన్ 1902లోనే ఆదివాసుల జీవితం ఆదర్శంగా అడవిచదువు మొదలుపెట్టాడు. తన ఆలోచనలు చాలా ఆ పుస్తకంలోకి ఎత్తుకుపోయారని జీవితాంతం ఫిర్యాదు చేశాడు. ఒక్క వాక్యంతో కొట్టివేస్తే సేనానితోపాటు వీళ్లూ పోతారు. గెలిచినవాడికే మొత్తం ఆస్తి రాసి ఇచ్చినట్టవుతుంది. ఇది ఏ అభ్యుదయ విమర్శ?

జాక్ కార్న్‌వెల్‌ను కూడా తలచుకో. లండను తూర్పువాడల బీదింటి స్కౌటు. 1916లో జట్లండ్ నౌకాయుద్ధంలో తుపాకీ దగ్గర గాయాలతో నిలబడి చనిపోయాడు. వయసు పదహారు. మొదట అందరితోపాటు బీదల సమాధిలో పాతిపెట్టారు. పత్రికలు గోల చేశాక తవ్వితీసి రాజలాంఛనాలతో ఊరేగించారు. విక్టోరియా క్రాసు ఇచ్చారు. వాడి పేర స్కౌటు పతకం వెలిసింది. వాణ్ణి చంపిన వ్యవస్థను తిట్టు, నేనూ తిడతాను. వాణ్ణి మాత్రం ఆ కాకీ నిక్కరులో ఒక గుండీగా లెక్కకట్టకు.

మన దేశానికి వస్తే, ఉద్యమం 1909లో బెంగుళూరులో కెప్టెన్ బేకర్ చేతులమీదుగా అడుగుపెట్టింది. దొరలబిడ్డలకు, ఆంగ్లో ఇండియన్ బిడ్డలకు మాత్రమే. భారతీయ బాలుడికి చోటు లేదు. ముడులు, సైగలు, జాడలు తీయడం నేర్చిన కుర్రాడు రేపు ఎవరి పక్షాన పనిచేస్తాడోనని ప్రభుత్వానికి గుబులు. ప్రతి స్కౌటూ ప్రతి స్కౌటుకు సోదరుడేనని నియమం ఉన్నది మరి! దక్షిణాఫ్రికాలో అదే వరస. నల్లపిల్లలను రానీయక 1922లో పాత్‌ఫైండర్లని వేరే దళం పెట్టారు. 1936లో సేనాని స్వయంగా వచ్చి చేసిన సర్దుబాటులోనూ రంగును బట్టి వేరువేరు శాఖలే మిగిలాయి.

రానివ్వకపోతే మనవాళ్లు ఊరుకోలేదు. శ్రీరామ్ బాజ్‌పేయి 1913లో షాజహాన్‌పూరులో సొంతంగా దళం కట్టాడు. మద్రాసులో అనీబిసెంటు, అరండేలు భారతీయ బాలురకు వేరే సంఘం పెట్టి తలపాగా చుట్టించారు. 1918లో మాలవ్యా, కుంజ్రూ అలహాబాదులో సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. వీళ్ల బలం చూశాకనే తలుపు తెరుచుకుంది. 1921లో బేడెన్ పొవెల్ వచ్చి బిసెంటు సంఘాన్ని తనలో కలుపుకున్నాడు. సేవాసమితి కలవలేదు.

ఆ 1921లోనే మనకు చీరాల పేరాల. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు. కాషాయం కట్టి, ఆంజనేయుని పేరు చెప్పుకొని, బెజవాడ అఖిలభారత కాంగ్రెసు సమావేశంలో జనసమ్మర్దాన్ని అదుపు చేసిన యువకులు. పన్ను ఇవ్వబోమని ఊళ్లకు ఊళ్లు విడిచిన జనానికి అండగా నిలిచినవాళ్లు. ఆ వేషంలోని మతచ్ఛాయ నాకు నచ్చదు, దాచను. కాని క్రమశిక్షణ సేనానుల సొత్తు కాదని వాళ్లు చూపించారు. బాలభటోద్యమ సంచికలో రామదండుకు ఒక పేరా దక్కకపోవడం ఎంత విచిత్రం!

1937లో ఢిల్లీ జాంబోరీకి వచ్చివెళ్లిన స్థాపకుడు భారతీయుల శీలాన్ని చులకన చేస్తూ మాట్లాడాడని దుమారం లేచింది. చాలామంది బయటికి వచ్చారు. 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, అన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అయ్యాయి. మా నిర్వాహకులు తీసివేయమన్న మూడో పేరా ఈ కథే. అంటే, తమ సంస్థ తమదెలా అయిందో చెప్పే పేరాయే వారికి వివాదంగా కనిపించింది.

మా బడి మకాం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఊరి చెరువుగట్టున గుడారాలు. మా దళంలో అందరికంటే గట్టి ముడి వేసేవాడు మాలపల్లె కుర్రాడు. వంట మా దళం వంతు వచ్చిన రోజున వాణ్ణి కట్టెలకు పంపారు. వడ్డన వేళకు నీళ్లబిందె దగ్గరికి రావద్దన్నారు. ఎవరన్నారో చెప్పను, ఆ ఊరూ చెప్పను. మధ్యాహ్నం జెండా కింద నిలబడి మేమంతా ఆ సోదరత్వపు నియమాన్ని పైకి చదివాం. వాడూ చదివాడు. నేను వాడి పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ నియమాన్ని సామ్రాజ్యవాది రాశాడని అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే నా మౌనానికి ఒక సాకు దొరికేది. నియమం రాసినవాడు దానిని నల్లవాడికి వర్తింపజేయలేదు. దానిని తీసుకున్న మేము మా పక్కవాడికి వర్తింపజేయలేదు. నియమం మాత్రం తప్పుకాదు.

2020 జూన్‌లో పూల్ రేవుగట్టున, ఆ బ్రౌన్‌సీ ద్వీపానికి ఎదురుగా ఉన్న సేనాని విగ్రహాన్ని జనం కూలదోస్తారన్న భయంతో చుట్టూ చెక్కలు కొట్టారు. కొందరు స్కౌట్లు కాపలా కాశారు. విగ్రహం ఉండాలా పోవాలా అన్నది ఆ ఊరివాళ్లు తేల్చుకుంటారు. నాకు కావలసింది మూడు పేరాలు. సంచిక వెలువడింది, నా వ్యాసం ఉండవలసిన చోట స్థాపకుని నిలువెత్తు బొమ్మ వేశారు. వచ్చే ఫిబ్రవరికి మళ్లీ అడిగితే ఆ మూడు పేరాలతోనే ఇస్తాను, రామదండు పేరా ఒకటి అదనంగా చేర్చి. మిత్రుడు ఈ వేసవి మకాంకు ఒక్కపూట వచ్చి, నీళ్లబిందె దగ్గర ఎవరున్నారో చూసి, అప్పుడు తన ఒక్క వాక్యం రాయాలని కోరుతున్నాను. రాస్తే వచ్చే సంచికలో చర్చిద్దాం.